రెండో ఆదివారం కొలువు

మండపేట దాటాక, మూతబడ్డ రైసుమిల్లు కళ్ళంలో
నెలకోసారి వేంగి రాజ్యం లేస్తుంది.
పొద్దున్న ఎనిమిదికి లేచి
పులిహోర పొట్లాల వేళకి పడిపోతుంది.

సింహాసనం టెంటుహౌసు వాళ్ళది.
పెళ్ళివారి వ్యాను వస్తే
ప్రభువులవారు మధ్యలోనే లేచి ఇచ్చేయాలి.
ఈ ఏడు ప్రభువు, రొయ్యల మేత డీలరు తేతలి భామిరెడ్డి.
కళ్ళజోడు పెట్టుకుంటే పదకొండో శతాబ్దం ఒప్పుకోదు,
తీసేస్తే ప్రజలు కనబడరు.
అంచేత అందర్నీ ఒక్కలాగే, మసగ్గా, దయగా చూస్తాడు.

నేను వందిని. మాగధుడు ఇంకా దొరకలేదు.
ముప్పై ఒక్కేళ్ళు రావులపాలెం డిపోలో టిక్కెట్లు కొట్టిన చెయ్యి
ఇప్పుడు వెండిరంగు పూసిన బెత్తం పట్టుకుంటుంది.
ఆలమూరు, జొన్నాడ, రావులపాలెం అని అరిగిన గొంతు
సమస్తభువనాశ్రయ, పరమభట్టారక అంటుంది.
మొదటి కొలువులో బిరుదులన్నీ చదివి, ఊపిరాడక,
అలవాటు కొద్దీ "రైట్ రైట్" అనేశాను.
ప్రభువు కదిలాడు కూడా.

జెండా మీద వరాహం.
చీరలకి ఫాల్సు కుట్టే నాగరత్నం కుట్టింది.
అడవిపందిని ఆవిడెక్కడ చూసింది?
సంత వెనక బురదలో దొర్లేవాటిని చూసి కుట్టింది.
భూమిని కోరల మీద ఎత్తాల్సిన జంతువు
ఎవరో ఇంత అన్నం పెడతారన్నట్టు చూస్తుంది.
మాకదే అలవాటైపోయింది.

లాంఛనాల చిట్టా డ్రాయింగు మాస్టారు సోమయాజులు గారి దగ్గరుంటుంది.
ఒకరి గుర్తు ఇంకొకరికి ఉండరాదు.
అరటిగెల కోసం నలుగురు తగువులాడితే చీటీలు వేశారు.
నర్సు మంగతాయారు ఒంటికాలి కొంగని కోరుకుంది,
"రాత్రి డ్యూటీలో నా నిద్రా అంతేనండీ" అంది.
ప్రభువుకి రొయ్య కావాలి.
"చాళుక్యుల కాలంలో గోదాట్లో రొయ్య లేదా?"
"ఉంది బాబూ, దానికి మర్యాద లేదు."

కిందటి నెల చిట్టా ముందుకి కొమ్ము మోషే వచ్చాడు.
లాకుల దగ్గర లస్కరు,
రెండేళ్ళుగా ప్రభువుకి గొడుగు పట్టేది అతనే.
గుర్తు అడగలేదు. ఒక మాట అడిగాడు:
"మాస్టారూ, ఆ కొలువులో మా తాతలు
ఎక్కడ నిలబడేవారండీ?"

మాస్టారు శాసనాల పుస్తకం తిప్పారు.
తూర్పున చింతచెట్టు, దక్షిణాన పుట్ట, పడమట వాగు.
దానమిచ్చిన ఊరికి హద్దులన్నీ ఉన్నాయి.
హద్దు అవతల ఎవరున్నారో రాగిరేకు రాయలేదు.
మిల్లు కప్పు మీద పావురాలు తప్ప ఎవరూ మాట్లాడలేదు.
చాలాసేపటికి మాస్టారు పుస్తకం మూసి,
పెన్సిలు చెక్కి,
లాకు తలుపెత్తే ఇనప చక్రం గీశారు. ఆరు ఆకులు.
"ఒకటి వంగి ఉంటుందండీ" అన్నాడు మోషే.
వంచారు.

ఇవాళ బిరుదు ప్రదానం.
గొడుగు నాగరత్నం పట్టుకుంది.
మోషే మోకరిల్లనన్నాడు, నిలబడే ఉన్నాడు.
పద్ధతి కాదని వెనక ఎవరో గొణిగితే
భామిరెడ్డి తనే లేచి నిలబడ్డాడు,
వ్యాను రాకుండానే.

నా చేతిలో మాస్టారు రాసిచ్చిన కాగితం, నిండా సంస్కృతం.
మడిచి జేబులో పెట్టుకున్నాను.
దాళ్వా వంతుల్లో అర్ధరాత్రి తలుపెత్తినవాడు, అన్నాను.
శివారుకి నీళ్ళు పంపినవాడు.
ఇంజరం, నీలపల్లి, సుంకరపాలెం...
ఊళ్ళ పేర్లు వాటంతటవే వస్తున్నాయి,
చివరి స్టాపు ఎక్కడో నాకూ తెలియలేదు.

రెండింటికి వంతు మార్చాలి.
చక్రం జెండా సైకిలు హ్యాండిలుకి చుట్టుకుని
మోషే పులిహోర తినకుండానే వెళ్ళాడు.
కిరీటం తీయకుండానే
ప్రభువు కళ్ళజోడు పెట్టుకున్నాడు,
కాలవగట్టు మలుపు దాకా.