కీచు

ఓనీ ఊరి పై మలుపులో
బ్రేకు తొక్కితే చాలు
నా బండి గొంతు చించుకునేది.
రెండు చలికాలాలు అలాగే నడిపాను,
రియోని నది పక్కన దిగుతూ,
కుతైసీ బజారులో మనుషుల్ని దింపి
మళ్ళీ కొండెక్కుతూ.
వెనక సీట్లో పళ్ళు జివ్వుమనేవి.
ఒక ముసలామె శిలువ గుర్తు వేసుకుని
సగం దారిలోనే దిగిపోయింది,
చార్జీ మాత్రం పూర్తిగా ఇచ్చి.

చివరికి మూర్మన్ షెడ్డు.
వెనక చక్రాలకి రాళ్ళు పెట్టి, జాకీ ఎత్తి,
కాలిపర్ విప్పాడు.
గొట్టం మీద బరువు పడకుండా
తీగతో స్ప్రింగుకి కట్టాడు,
విరిగిన చేతికి జోలె కట్టినట్టు.
పాత ప్యాడు తీసి నా అరచేతిలో పెట్టాడు.
బయటిది రొట్టె మాడంత.
లోపలిది ఉత్త ఇనుము,
డిస్కు మీద చాళ్ళు దున్నేసింది.
"బాగా పొదుపు చేశావు ఎమ్జార్,
ఇక డిస్కులు కూడా కొను."

కొత్తవి బిగించేస్తే సరిపోతుందిగా, అన్నాను.
పెళ్ళికి గడ్డం గీసుకోకుండా వచ్చినవాణ్ణి
చూసినట్టు చూశాడు.
తీగల బ్రష్షు నా చేతికిచ్చాడు.
ప్యాడు చెవులు కూర్చునే చోట తుప్పంతా
మెరుపు కనబడేదాకా గీకించాడు.
కొత్త క్లిప్పులు. అంచులకి ఆకురాయి.
వీపుకి గ్రీజు, కాటుక దిద్దినంత పల్చగా.
"ముఖానికి అంటనిచ్చావా,
వచ్చే మలుపులో ఆగవు,
మీ తాత సమాధి పక్కన ఆగుతావు."

పిస్టన్ వెనక్కి నొక్కి, అన్నీ బిగించాక
కదలకముందే పెడల్ తొక్కమన్నాడు
పాదం కింద గట్టిపడేదాకా.
తర్వాత ఖాళీ రోడ్డు మీద
వేగం అందుకోవడం, మెత్తగా తగ్గించడం,
పూర్తిగా ఆపకుండా, పదిసార్లు.
కాలిన వాసన. తర్వాత చల్లారనివ్వడం.
తర్వాత, ఏమీ లేదు.
నది వినిపించింది. అంతే.

ఆ సాయంత్రం వాకిట్లో బండి ఆపితే
కుక్క కూడా తలెత్తలేదు.
తలుపు దాకా వెళ్ళాను.
లోపల మా ఆవిడ త్సియాలా,
వదినలిద్దరూ, లోబియానీకి పిండి పిసుకుతూ.
త్సియాలా భుజాలు బిగించి, కళ్ళు చిట్లించి,
గాలిలో స్టీరింగు తిప్పి
"కీ...ఈ...చ్" అంది.
అచ్చం నా బండే!
ఆఖర్న నేను తలుపు వేసే ధన్‌మన్న చప్పుడూ,
నా దగ్గూ కూడా ఉన్నాయి.
పెద్ద వదిన నవ్వలేక గోడకి జారబడింది.

ఇన్నేళ్ళూ పిల్లి మెడలో గంటలా
నా రాక నాకన్నా ముందే ఇంట్లోకి వెళ్ళేది.
ఈ నవ్వు ఎప్పుడూ
నాకోసం ఆగలేదు.

అడుగులో అడుగు వేసి బండి దగ్గరికెళ్ళాను.
తలుపు తీసి, గట్టిగా వేశాను.
దగ్గాను.

"వచ్చావా? చప్పుడే వినబడలేదే!"
"బాగుచేయించాను."
"ఓ," అంది,
పిండి చేతులు తుడుచుకుంటూ.
చిన్న వదిన కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది.
లోబియానీ ఆ రోజు ఉప్పెక్కువ.

తెల్లారి మంచు.
రాత్రి తేమకి డిస్కుల మీద తుప్పు పొర పడుతుందనీ,
రెండు తొక్కులకి పోతుందనీ
మూర్మన్ ముందే చెప్పాడు.
గేటు దగ్గర మొదటి తొక్కు:
కీచ్.
చిన్నది, పిచ్చుకంత.

వంటింటి కిటికీ లోంచి
జవాబొచ్చింది.