గడి వెడల్పు డెబ్బై పాయింట్లు

కాగితం ఇక్కడ అడుగు నుంచి మొదలవుతుంది.
ఎడమవైపు కింది మూల సున్నా, సున్నా.
పైకి ఎనిమిది వందల నలభై రెండు,
పక్కకి ఐదు వందల తొంభై ఐదు.
మొదటిరోజు అది మరిచి
శీర్షికని పాదాల దగ్గర రాశాను.
గన్‌తుల్గా నవ్వీ నవ్వీ
ఉప్పు టీ కీబోర్డు మీద ఒలకబోసుకున్నాడు.

పీడీఎఫ్‌కి వాక్యం తెలీదు.
పేరా తెలీదు, ఊపిరి తీసుకునే చోటు తెలీదు.
ఫలానా చోట ఫలానా అక్షరం నిలబెట్టమంటే
నిలబెడుతుంది, అంతే.
వరస ఎక్కడ విరగాలో నేనే చూసుకోవాలి,
మాటమాటకీ వెడల్పు కొలవాలి,
అంచు దాటబోయే మాటని మెడ పట్టుకుని
పద్నాలుగు పాయింట్లు కిందికి దింపాలి,
చీకటి పడకముందే గొర్రెల్ని దొడ్లోకి మళ్లించినట్టు.
ఆ పని మా పెదనాన్నకి వచ్చు.
నాకు ఇది.

ఫిబ్రవరి. ఉలాన్‌బాతర్. ఏడో అంతస్తు.
కిటికీ అవతల బొగ్గుపొగ,
పొగ అవతల, చాలా అవతల, తెల్ల జూద్:
గడ్డి మీద మంచు, మంచు మీద గాజుపెంకు,
గిట్టలు అరిగేలా గీరినా అందని మేత.
నష్టపత్రాలు మా ప్రోగ్రామే గీయాలి.
ఇంటికొకటి. రాత్రికి రెండు వేలు.
పేరు, సుమ్, గుర్రాలు, ఒంటెలు, ఆవులు, గొర్రెలు, మేకలు,
చివర మొత్తం, అంకెల్లో ఒకసారి, మాటల్లో ఒకసారి.

మొదటిది తొమోర్‌హుయాగ్‌ది.
ఇనుప కవచం అని ఆ పేరుకి అర్థం.
మా ఫాంటులో అతని అక్షరమే లేదు,
మొలతాడు కట్టిన సున్నాలా ఉంటుందే, అది.
లేనిచోటల్లా ఖాళీ డబ్బా వచ్చింది.
కవచానికి రెండు చిల్లులు.
ఫాంటు మార్చి, పత్రంలోపలే పొదిగాను,
ఏ ఊరి ప్రింటరు ముందుకి వెళ్లినా
అతని పేరు అతని వెంటే ఉండాలని.

సరే, చక్కగా వచ్చింది అనుకున్నా.

వారానికి ఫోను. సుమ్ గుమాస్తా నార్మందాఖ్.
"చెల్లీ, ఇక్కడొకాయన భూతద్దం అడుగుతున్నాడు."

గడి వెడల్పు డెబ్బై.
పట్టకపోతే అర పాయింటు తగ్గించు,
మళ్లీ కొలువు, మళ్లీ తగ్గించు:
మూడు వరసల ఫంక్షన్. నాదే. మురిసిపోయి రాసింది.
పక్క గుడారం వాళ్లకి పోయినవి ఏడు.
*ఏడు* అని పదకొండు పాయింట్లలో,
పొయ్యికి ఆ పక్కనుంచి కూడా కనిపిస్తుందట.
ఇతనికి పోయినవి
*వెయ్యిన్నీ నూట నలభై ఆరు*,
ఐదు పాయింట్లలో, చీమల బారు.
ఎంత పోగొట్టుకుంటే అంత చిన్నగా
(గుండ్రంగా వెయ్యి పోతే తప్ప)
రాయమని చెప్పింది నేనే.

"చదవలేక సంతకం పెట్టనంటున్నాడు" అంది.
వెనక ఎవరో దగ్గుతున్నారు.

ఆ రాత్రి ఫంక్షన్ చెరిపేశాను.
అక్షరం తగ్గదు. పట్టకపోతే వరస విరుగుతుంది,
గడి లోతవుతుంది,
కింద ఉన్నవన్నీ తలా కాస్త జరుగుతాయి.
జరిగి జరిగి సంతకం గీత
కాగితం అంచు నుంచి జారిపడింది.
"రెండో పేజీనా? ఒక్క గీతకా?
కాగితం ఖర్చు ఎవరిస్తారు?" అన్నాడు గన్‌తుల్గా.
నేను వెడల్పులు కొలుస్తూ ఉండిపోయాను.
కాసేపయ్యాక తనే లేచి
ప్రింటర్‌లో కొత్త కట్ట పెట్టాడు.

ఇప్పుడు తొమోర్‌హుయాగ్ పత్రానికి రెండో పేజీ ఉంది.
అడుగు నుంచి ఏడు వందల తొంభై పాయింట్ల ఎత్తున
ఒక గీత, గీత కింద అతని పేరు,
మొలతాళ్లు రెండూ బిగించి.
దాని దిగువన సున్నా దాకా
నేనేమీ గీయలేదు.
అంతా తెలుపే.