మూడోసారి

నా గొంతే నా బతుకు.
నెబ్రాస్కాలో మా కౌంటీ అంతా
నన్ను మొహం చూసి కాదు, గొంతు విని పోల్చుకుంటుంది.
వేలం వేసేవాడికి అంతకన్నా ఏం కావాలి?

యుద్ధం అయిపోయిన ఏడాది
గోధుమ నెత్తికెక్కి కూర్చుంది.
ఎకరం నూరంటే నూటయాభై అన్నారు,
నేను ఊపిరి పీల్చుకునేలోపు రెండొందలు.
ఆ రోజుల్లో బ్యాంకువాడే గుమ్మంలోకొచ్చి
అప్పు తీసుకోమని బతిమాలేవాడు.
హ్రుష్కా ట్రాక్టర్ కొన్నాడు.
గుర్రాల్ని నేనే అమ్మిపెట్టాను.
ఆఖరిది వెనక్కి తిరిగి చూస్తే
దాని పిర్ర మీద ఒక్కటి చరిచి
గబగబా ఇంట్లోకి వెళ్ళిపోయాడు.

తర్వాత ధర పడింది. పడుతూనే ఉంది.
ఒక మార్చి నెలలో
ధాన్యపు కొట్టు నిచ్చెన మీంచి హ్రుష్కా కూడా పడ్డాడు.
కూతురు జడ కత్తిరించుకుని
ఒమాహాలో టెలిఫోన్ ఎక్స్చేంజికి పోయింది,
ఆ జడని వార్తాపత్రికలో చుట్టి తల్లి చేతిలో పెట్టి.
ఇక మిగిలింది బొజెనా,
నూటఅరవై ఎకరాలతో,
సగం సగం ఇంగ్లీషుతో.

ఇవాళ జనవరి, ముప్పైమూడు.
మీసం మీద ఊపిరి గడ్డకట్టే చలి.
ఆమె వాకిట్లో నాలుగొందల మంది మగాళ్ళు,
ఒక్కడూ మాట్లాడడు.
కొట్టం దూలానికి తాడు వేలాడుతోంది,
చివర ఉచ్చు.
ఎవరు కట్టారని ఎవరూ అడగలేదు.
లింకన్ నుంచి మంచి టోపీ పెట్టుకొచ్చిన పెద్దమనిషి
ఒకసారి తాడు వంక చూశాడు,
చాలాసేపు తన బూట్ల వంక చూసుకున్నాడు.

ట్రాక్టర్‌తో మొదలుపెట్టాను.
"అయిదు సెంట్లు," అన్నాడు ఎల్మర్ ప్రూయిట్.
పాట పెంచడమే నా విద్య.
అయిదు, అయిదు, ఆరనేవాళ్ళెవరైనా?
కంచె మీద కాకి ఒకటి అరిచింది గానీ
దాని పాట లెక్కలోకి రాదు.
ఒకటోసారి. రెండోసారి.
మూడోసారి.
ఆవు పది సెంట్లు. కుట్టుమిషను అయిదు.
రేడియో దగ్గర ఎల్మర్ చెవి గోక్కుని
"పనిచేస్తుందా?" అనడిగితే
ఆ ఒక్కసారీ జనం నవ్వారు. మూడు సెంట్లు.
అంతా కలిపి నాలుగు డాలర్ల ఎనభై.
టోపీ తిప్పి, చిల్లర పోగేసి, బ్యాంకువాడికి కట్టి
రసీదు బొజెనా చేతిలో పెట్టారు.
ఆవు ఉన్నచోటు నుంచి కదల్లేదు.

ఇక్కడితో ఆపితే మంచి కథే.
కానీ ఎల్మర్ చేతులు నాకు తెలుసు.
ఎనిమిదేళ్ళ కింద, ఆగస్టు రాత్రి,
బొహీమియా వాళ్ళ చర్చికి ఎదురుగా గుట్ట మీద
శిలువకి కిరసనాయిలు పోసినవి ఆ చేతులే.
వాళ్ళ పోపు పడడు, వాళ్ళ బీరు పడదు,
వాళ్ళ నోట్లో తిరిగే మాట పడదు.
అందరం తెల్లగుడ్డల్లో ఉన్నాం.
నా ముసుగుకి కళ్ళ కంతలు మా ఆవిడే కుట్టింది,
బొత్తం కాజాలంత పొందిగ్గా.
"మీ దేశం మీరు పొండి" అని కేకెయ్యడానికి
దూరం పోయే గొంతు కావాలన్నారు.
వేశాను.
ఒకటోసారి. రెండోసారి.
మూడోసారికి గుట్ట కింద దీపాలన్నీ ఆరిపోయాయి.

జనం వెళ్ళాక కాఫీ ఇచ్చింది బొజెనా.
నూటికి రెండు చొప్పున నా కమీషన్,
లెక్కకి పది సెంట్లకి కాస్త తక్కువ.
వద్దన్నా వినక పూర్తి పది సెంట్ల నాణెం బల్ల మీద పెట్టింది.

"పెద్ద గొంతు నీది, మిస్టర్ పెండ్రీ.
ఆ రాత్రి మా పిల్ల నా పక్కలోకి దూరి
ఎవరమ్మా అది, అనడిగింది.
వేలం వేసే ఆయనలే, పడుకో, అన్నాను."

కాఫీ చేదుగా ఉంది, వేడిగా ఉంది.
ఒకసారి నోరు తెరిచాను.
రెండోసారి తెరిచాను.
ఆమె కప్పు తీసుకుని
కడగడానికి లోపలికి వెళ్ళింది.