నలభై ఒక్క సెకన్లు

లైబ్రరీ అంటారు గానీ ఇందులో పుస్తకాలుండవు.
నాకంటే ముందు ఎవరో, ఎక్కడో
ఈ చిక్కుముళ్లన్నీ విప్పి
మడతలు పెట్టి ఉంచిన అర.
ఒక్క లైను కొట్టి దాన్ని దించుకున్నాను,
కిసుములో, ఇనుప సామాన్ల కొట్టు మీది గదిలో,
కరెంటు పోయేలోగా.

తాళంచెవి అతికించాను. రహస్యపు మాట అతికించాను.
నాలుగు వందల ఒకటి, అంది సర్వీసు.
అంటే, నువ్వెవరో నాకు తెలీదు పొమ్మని.
మాట చివర ఒక ఖాళీ ఎక్కువైంది, అంతే.
తీసేశాక గుర్తుపట్టింది.

ఆ తర్వాత పని తేలిక.
ఎవరికి, ఎవరి నుంచి, ఏం చెప్పాలి,
ఈ మూడూ దాని చేతిలో పెడితే చాలు.
టవర్లూ తీగలూ దాని తలనొప్పి.
చెప్పే గొంతు మాత్రం నాదే.
ఫ్యాను ఆపి, దుప్పటి ముసుగేసుకుని
మా లువో భాషలో రికార్డు చేశాను:
"గాలి లేస్తోంది. వలలు లాగేయండి.
దీపాలు ఆర్పకండి. ఒడ్డుకు రండి."
నింపాదిగా, రెండుసార్లు.
మొత్తం నలభై ఒక్క సెకన్లు.

ఒమెనా వేటకి అమావాస్యే పండగ.
చీకటి సరస్సు మీద దీపాలు తేలేసి
వాటి చుట్టూ మూగిన వెండి పిసరంత చేపల్ని
తెల్లార్లూ తోడుకుంటారు ఉసోమా రేవు వాళ్లు.
పోయిన మార్చిలో పద్నాలుగు దీపాలు వెళ్లి
పదకొండే తిరిగొచ్చాయి.
రేవు పెద్ద ఒయాటా నా బల్ల మీద
అరవై మూడు నెంబర్లున్న లెక్కల పుస్తకం పెట్టి
కూర్చోకుండానే వెళ్లిపోయాడు.

పరీక్షకి నా రెండో ఫోను నెంబరే ఇచ్చాను.
అది మోగలేదు.
తెర మీద మాత్రం వరసగా,
క్యూలో ఉంది.
మోగుతోంది.
ఎత్తారు.
ముగిసింది.
ఎత్తారా? ఎవరు?

తప్పు నా కోడ్‌లోనే అనుకున్నాను.
పాత పద్ధతి, వచ్చే వెర్షన్‌లో ఉండదు,
అని లైబ్రరీ గొణిగితే అదీ మార్చి చూశాను.
రాత్రి రెండింటికి మళ్లీ. మూడింటికి మళ్లీ.
ప్రతిసారీ ఎత్తారు.
ప్రతిసారీ నలభై ఒకటి, ఒక్క సెకనూ తగ్గకుండా.
యంత్రం మాట ఇంతసేపు వినేదెవరు?
మా అన్నయ్య బ్యాంకు వాళ్ల కాల్‌ని
"నమస్కారం" పూర్తికాకుండానే కోసేస్తాడు.

అయిదో రాత్రి కనిపించింది.
ఏడు ఉండాల్సిన చోట నాలుగు.
కోడ్ మంచిదే, వేలిదే తప్పు.

క్షమాపణకి లైబ్రరీలో ఫంక్షన్ లేదు.
రెండ్రోజులు సిగ్గుపడి, మూడో రాత్రి
మామూలు ఫోనెత్తి మామూలుగా నొక్కాను.
మగ గొంతు. ఉత్తరాది యాసలో స్వాహిలీ.
పేరు ఎలెమా. మైకోనా దగ్గర, చాల్బీ ఎడారి అంచున
బోరు మోటారుకి రాత్రి కాపలా.
తెల్లారుజామున ఒంటెలొస్తాయట.
అప్పటిదాకా ఎవరూ రారట.

"ఆ పిల్లేమైంది? రెండ్రోజులై చెయ్యలేదు" అన్నాడు.
నేనేనని నోరు పెగల్లేదు.
"భాష తెలీదు గానీ
ఎవర్నో ఇంటికి పిలుస్తోందని తెలిసింది.
మధ్యలో పెట్టేస్తే ఎలా?"

అప్పుడు చెప్పాను సరస్సు సంగతీ, దీపాల సంగతీ.
కాసేపు మాట లేదు. తర్వాత లైను నిండా హోరు.
ఫోను పట్టుకుని షెడ్డు బయటికొచ్చినట్టున్నాడు.
"విన్నావా? ఇక్కడా గాలే. ఒడ్డే లేదు."
నవ్వాడు.
నేను నవ్వొచ్చో లేదో తేలలేదు.

శుక్రవారం అమావాస్య.
పదకొండున్నరకి వాతావరణ కేంద్రం నుంచి హెచ్చరిక.
అరవై మూడు కాల్స్, ఒక్క లూపులో.
యాభై ఎనిమిది ఎత్తారు. నాలుగు బిజీ.
ఒకటి జవాబు లేదు.
ఆ అయిదింటికీ మళ్లీ, మళ్లీ, పలికేదాకా.
నా కిటికీలోంచి సరస్సు కనబడదు, పక్క మేడ అడ్డం.
తెర మీద సెకన్లే చూస్తూ కూర్చున్నాను.
ఆరు. తొమ్మిది. ఏడు. పన్నెండు.
మొదటి ముక్క చెవిన పడగానే పెట్టేశారందరూ.
వలలు లాగాలిగా.

జాబితా అట్టడుగున ఒక్కటి మాత్రం
నలభై ఒకటి.
ఒయాటా పుస్తకంలో లేని నెంబరు.
మూడు షిల్లింగుల చిల్లర,
నా ఖాతాలో రాసుకున్నాను.