తొమ్మిది సెకన్ల చేప

వల్దివియాలో వాన ఆగిన రోజు ఎవరికైనా గుర్తుందంటే
వాళ్ళకి జ్ఞాపకశక్తి ఎక్కువని అర్థం.
ఆసుపత్రి మూడో అంతస్తు కిటికీలకి ఎప్పుడూ చెమటే.
నా పని యంత్రాల జబ్బులు చూడటం,
మనుషుల జబ్బులు చూసేవాళ్ళు వేరే ఉన్నారు.

ఎలిసేయోకి తొమ్మిదేళ్ళు. వారానికి మూడుసార్లు
నాలుగో నంబరు డయాలసిస్ మెషీన్ పక్కన పడుకుంటాడు.
రోజు మొత్తానికి వాడికి రాసిచ్చిన నీళ్ళు గ్లాసున్నర.
బయట నది ఒడ్డులొరుసుకుని పోతుంటుంది.

"ఎదువీనా, ఒకటి చూపిస్తా, ఎవరికీ చెప్పకు" అన్నాడు.
అలారం ఆపే మీటా, వెలుతురు పెంచే మీటా
కలిపి నొక్కిపట్టాడు, పెదాలతో లెక్కపెడుతూ.
అంకెలన్నీ మునిగిపోయాయి.
నీలం తెర మీద ఒక చేప,
చుక్కలు పేర్చి కట్టిన ముతక చేప,
కుడి అంచున వచ్చి, ఒక్క బుడగ వదిలి,
ఎడమ అంచులో దూరిపోయింది.
అంతసేపూ వాడు నా మొహమే చూశాడు.

నవ్వాను. అది నిజం.
నవ్వుతూనే గోడ గడియారం చూశాను, అదీ నిజమే.
తొమ్మిది సెకన్లు.
వాడి రక్తం ఒంటి బయట తిరుగుతుంటే
దాని ఒత్తిడి చెప్పే అంకె
తొమ్మిది సెకన్లు నీళ్ళ కింద ఉంది.

ఏ ఊళ్ళోనో, ఏ అర్ధరాత్రో, కాఫీ చల్లారిపోతుంటే
ఎవరో దీన్ని రాసి ఉంటారు.
పేరు పెట్టుకోనివ్వని పనిలో బుడగంత సంతకం.
చెడ్డవాడై ఉండడు.
అలారం సంగతి తట్టి ఉండదు, అంతే.
మా పనిలో ఆ 'అంతే' చాలు
ఒక మంచం ఖాళీ కావడానికి.

ఫారం నింపాను.
'పత్రాల్లో లేని ప్రవర్తన' అన్న గడిలో
చేప అని రాసి, కొట్టేసి, చిత్రం అని రాశాను.
ఏడు వారాలకి కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది.
ఉత్తరంలో చేప ఊసే లేదు,
'చిన్నపాటి సవరణలు' అట.

మంగళవారం వాడు రెండు మీటలూ నొక్కాడు.
మళ్ళీ నొక్కాడు.
నూట పది. నూట పన్నెండు. నూట పది.
"చెప్పేశావా?"
"చెప్పాను."
కిటికీ వైపు తిరిగి పడుకున్నాడు,
గొట్టాలు లాగకుండా, జాగ్రత్తగా, పెద్దవాడిలా.

పాత చిప్పు నాశనం చేసి సంతకం పెట్టాలి.
సంతకం పెట్టాను.
చిప్పు మా వంటింట్లో
ఉప్పు డబ్బా వెనక, అగ్గిపెట్టెలో ఉంది.
ఆ సంగతి ఏ ఫారంలోనూ లేదు.