చేబదులు

అలారం రెండంది.
ఒళ్లు ఒంటిగంటే అంది.

మార్చి ఆఖరి ఆదివారం, పోర్టో ఊళ్లో
వంతెన కింది వీధిలో, రొట్టెల బట్టీ వెనకగదిలో
డెల్ఫీనా ముక్కాలిపీట ఎక్కి
చీపురుకర్ర కొసతో
గోడగడియారం పెద్దముల్లును ఒక చుట్టు తిప్పింది.

అంతే. అరవై నిమిషాలు.
రేకుల మీద వాన కూడా ఒక్క చినుకు తప్పలేదు.

తొట్టి మూత తీసింది.
రాత్రి తొమ్మిదింటికి కలిపిన పిండి,
ఐదు గంటలు పొంగాలి.
గోడేమో ఐదయ్యాయంటుంది
పిండి నాలుగే అంటుంది
వేలితో నొక్కితే ఎదురు తన్నింది.
పిండితో వాదించి గెలిచిన ప్రభుత్వం
ఇంతవరకూ లేదు.

సోమవారం పొద్దున
ట్రాము నడిపే అడెరీటు కాఫీలో ఉప్పు కలుపుకుని
సగం తాగాక గాని మొహం చిట్లించలేదు.
టీచరు ఇవోన్ చిల్లర మరిచి వెళ్లింది,
చిల్లరతో పాటు కూతుర్ని కూడా.
ఆ పిల్ల అద్దాల బీరువాకి చెంప ఆనించి
నిలబడే నిద్రపోతోంది,
ఊపిరికి అద్దం మీద చిన్న మబ్బు
కమ్ముతూ, కరుగుతూ.
ఎవరూ లేపలేదు.

రాత్రి ఎనిమిదింటికి డెల్ఫీనా పక్క ఎక్కుతుంది.
కర్టెను అంచున వెలుగింకా పోదు.
ఎదుటి గోడకి పిల్లల బంతి
దబ్, దబ్.
రెప్పలు మూస్తే రెప్పల వెనక పగలు.
పట్టిందల్లా కోడికునుకు.

గురువారం మణికట్టు మీద కొత్త వాత.
ఇరవై రెండేళ్ల వాతలు చేతుల నిండా ఉన్నాయి,
ఏది ఎప్పటిదో ఆమెకి తెలుసు.
సగం ఈ వారానివే.

"చేబదులే కదా, అక్టోబరులో ఇచ్చేస్తారుగా"
అంటాడు అడెరీటు.
ఆమె రొట్టె కాగితంలో చుడుతూ అంది:
"తీసుకున్నది నిద్రపోయే గంట.
ఇచ్చేది మేలుకుని కూచునే గంట.
నువ్వు కోడిని అప్పిచ్చి
ఈకలు తిరిగి తీసుకుంటావా?"

అక్టోబరు వచ్చింది.
అలారం మోగకముందే మెలకువొచ్చేసింది.
గోడ మీద ఒంటిగంట, రెండోసారి.
పొయ్యి వెలిగించడానికి ఇంకా వేళ ఉంది.
పిండిగోనె మీద కూచుని
నిన్నటి రొట్టె అంచు నములుతూ
ఎవరి పద్దులోనూ లేని ఆ గంటని
ఏం చేయాలో తెలియక
ఊరికే విన్నది.

తొట్టి మూత కింద
ఒక్కో బుడగా పగులుతోంది,
మెల్లగా,
దాని లెక్కలో అది.

సరిగ్గా పొయ్యి వెలిగించాల్సిన వేళకి
ఆమె తల
గోనె మీదికి ఒరిగింది.