బొమ్మ ఆవు నవ్వుతుంది

మీ పాలడబ్బా మీద ఆవు నవ్వుతుంది.
నోట్లో పసుపుపచ్చ పువ్వు, మెడలో గంట.
మా ఆవులు నవ్వవు.
నెమరేస్తాయి.

రండి, లోపలికి రండి.
సైకిళ్ళు ఆ గోడకి ఆనించండి.
పాదాలకి ఈ నీలం తొడుగులు వేసుకోండి.
మా పేడ మీకంటకుండా కాదు,
మీ దారిలో అంటిన రోగం వీటికంటకుండా.

ఇది ఫ్రీస్‌లాండ్. సముద్రం కంటే పల్లంలో ఉన్న నేల.
నీళ్ళు తోడడం మానేస్తే
ఈ గడ్డిలో చేపలు మేస్తాయి.
అందుకే, యంత్రాలొచ్చి సేద్యాన్ని చెడగొట్టాయని ఎవరైనా అంటే
నాకు లోలోపల నవ్వు.
గాలిమర నీళ్ళు తోడితేనే కదా
ఈ పచ్చిక కళ్ళు తెరిచింది!

అదిగో, యెల్ట్యె నూటపన్నెండు.
వాళ్ళమ్మ యెల్ట్యె నూటనాలుగు, అమ్మమ్మ తొంభైఒకటి.
ఎన్నిసార్లు నెమరేసిందో మెడపట్టీ లెక్కపెడుతుంది.
లెక్క తగ్గిందా, రాత్రి రెండింటికైనా
నా దిండు కింద ఫోను గింజుకుంటుంది.
మా మామగారు వోప్కె చెవి పట్టుకుని జ్వరం చెప్పేవాడు.
ఆ చెయ్యి ఎన్నడూ తప్పు చెప్పలేదు.
కానీ ఉన్నది రెండు చేతులు, ఆవులు నలభై,
పైగా ఆ చేతులు నిద్రపోయేవి.

పాలు పితికేది రోబో. ఎవరూ తోలరు,
పొదుగు బరువెక్కితే తనే నడిచొస్తుంది.
ఆ నల్లమచ్చలది మాత్రం గడుసుది,
పాలివ్వడానికి కాదు, దాణా కోసం గంటకోసారి వస్తుంది.
గేటు దాని లెక్క చూసి బయటికి పంపేస్తుంది.
ఇరవై ఏళ్ళు, తెల్లారి నాలుగున్నరకి
నా మోకాళ్ళు ఈ చలిగచ్చు మీదే ఉండేవి.
ఇప్పుడు బడికెళ్ళే ముందు నా కూతురు
ఏ చేత్తో రొట్టె తింటుందో నాకు తెలుసు.
ఎడంచేత్తో.

మందులా? వాడతాం.
మార్చిలో పొదుగు వాచి ఒకటి కూలబడితే సూది వేశాం.
మీ పిల్లకి జ్వరమొస్తే మీరేం చేస్తారో అదే.
ఆ మందు విరిగేదాకా
దాని పాలన్నీ పేడగుంటలో పోశాను.
బొమ్మ గీసేవాడు అది గీయడు.

"దూడ ఏది?"

ఎర్రకోటు పిల్లాడు. ఏడేళ్ళుంటాయేమో.
వాళ్ళమ్మ చెయ్యి వాడి భుజం మీద బిగుసుకుంది.
మాట మింగేయొచ్చు. మింగితే
డబ్బా మీది ఆవుకీ నాకూ తేడా ఏముంది?

పాలకు పాలు, నీళ్ళకు నీళ్ళు చెబుతాను బాబూ.
పుట్టిన రోజే తల్లి దగ్గర్నుంచి తీస్తాం.
ఆడదైతే ఇక్కడే పెరుగుతుంది.
మగదైతే కొన్ని వారాలకి లారీ ఎక్కుతుంది. మాంసానికి.
తల్లి ఒక రాత్రి అరుస్తుంది. కొన్ని రెండు రాత్రులు.
మా పడకగదిలోకి వినిపిస్తుంది.
అన్నీ లెక్కపెట్టే పట్టీ
అదొక్కటీ లెక్కపెట్టదు.

ఈ ఏడు ఆ చివరి దొడ్లో ఆరు తల్లుల్ని
దూడలతోనే ఉంచి చూస్తున్నాం.
పాలు తగ్గాయి. అప్పు తగ్గలేదు.
డబ్బాకి ఇరవై సెంట్లు ఎక్కువైతే
కొంటారా మీరు?

ఒకాయన వంగి చెప్పుల తాడు సరిచేసుకున్నాడు.
తాడు ఊడలేదు, నేను చూశాను.

తప్పు పట్టడం లేదు. నాకూ ఇంటి ఖర్చులున్నాయి.
మమ్మల్ని మెచ్చుకోమనీ పిలవలేదు.
అనుమానమొస్తే బొమ్మని కాదు, నన్నడగండి.
తలుపు మీద నంబరుంది.

యెల్ట్యె పిల్లాడి చొక్కాచెయ్యి మొత్తం నాకేసింది.
"గరుకుగా ఉంది," అన్నాడు వాడు, చెయ్యి తీయకుండా.

తొడుగులు ఆ పీపాలో వేసి వెళ్ళండి.
కాలవ గట్టు మీద జాగ్రత్త, ఎదురుగాలి.
ఉండండి, ఫోను మోగుతోంది.
నూటపన్నెండు కాదు.
ఇంకెవరో.